సాయంత్రం కాఫీకి పదికి రెండు మార్కులే

నమస్కారం. ఈసారి రివ్యూకి ఫోనూ లేదు, మిక్సీ లేదు. రెండు వారాల పాటు నా సాయంత్రపు తిండినే, అది నిద్రను ఏం చేస్తుందో చూద్దామని పరీక్షకు పెట్టాను. పడుకున్న వేళ, మధ్యలో మెలకువ వచ్చిన వేళ గోడ క్యాలెండర్ మీద పెన్సిలుతో రాసుకున్నాను. ఇది ఒక్క మనిషి లెక్క, దీన్ని శాస్త్రం అనుకోకండి.

మొదట ఇదిగో, ఈ స్టీలు గ్లాసు. సాయంత్రం ఆరింటి ఫిల్టర్ కాఫీ. చిక్కటి డికాక్షన్, పైన వేలెడు నురగ. రుచికి పదికి పది, నిద్రకు రెండు. మనం మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. కళ్లు మూతలు పడేది చాలావరకు దానివల్లే. దానికోసం వేసిన పీటల మీద కాఫీలోని కెఫీన్ ముందే వచ్చి కూర్చుంటుంది. తొందరగా లేవదు కూడా! ఒంట్లో అది సగానికి తగ్గడానికే సగటున 5 గంటలు పడుతుంది. అంటే పదకొండింటికి పక్క ఎక్కేసరికి సగం గ్లాసు కాఫీ ఇంకా నాలోనే ఉందన్నమాట. 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తే, గంటకు పైగా నిద్ర తగ్గింది. ఒక్క గ్లాసులో అంత ఉండదు, నిజమే. కానీ మా ఇంట్లో ఒక్క గ్లాసుతో ఆగేదెవరు?

రెండోది, రాత్రి పదింటి బిర్యానీ. కొవ్వు ఎక్కువైతే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. అలాగే పడుకుంటే పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట. కారం సంగతి వేరు. 1992 నాటి ఒక ప్రయోగంలో కొందరు కుర్రవాళ్లకు రాత్రి భోజనంలో టబాస్కో అనే మిరపకాయల సాస్, ఆవ పెట్టారు. తొలి నిద్రలో ఒంటి వేడి పెరిగింది, నిద్ర చెదిరింది. నా క్యాలెండర్ మీద ఆ రోజు మూడు గీతలున్నాయి, మూడుసార్లు లేచి నీళ్లు తాగాను. అదే బిర్యానీ ఏడున్నరకు తింటే ఒక్క గీతే. కాబట్టి మార్కులు బిర్యానీకి కాదు, గడియారానికి.

ఎనిమిదింటి పెరుగన్నం: ఎనిమిది మార్కులు. చెప్పడానికేమీ లేదు, హాయిగా పడుకున్నాను.

ఇక మీరంతా అడిగే జాజికాయ పాలు. పాలలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒంట్లో నిద్రవేళను తెలిపే మెలటోనిన్ హార్మోన్ తయారవుతుందన్న మాట నిజమే. కానీ గ్లాసు పాలలో ట్రిప్టోఫాన్ ఇంచుమించు 100 మిల్లీగ్రాములు. నిద్ర మీద ప్రభావం చూడాలని పరిశోధకులు ఇచ్చింది గ్రాము, అంతకు మించి. నన్నడిగితే, వెచ్చటి గ్లాసు పట్టుకుని, ఫోను పక్కన పెట్టి కూర్చున్న ఆ పది నిమిషాలదే ఎక్కువ పని. ఆరు మార్కులు. జాజికాయ మాత్రం చిటికెడే వేయండి, చెంచాల కొద్దీ వేస్తే విషమే.

కాఫీ మానలేదు, మధ్యాహ్నం రెండింటికి జరిపాను. ఆరింటికి వంటింట్లోంచి వచ్చే డికాక్షన్ వాసనకు ఎన్ని మార్కులు వేయాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.