విడాకుల తర్వాత మనోవర్తి: జీతం స్లిప్పు లేని ఇంట్లో లెక్క ఎలా తేలుతుంది

[తెర మీద: అడంగల్ నకలు, పక్కనే చెరువు కౌలు కాగితం]

నమస్కారమండి. భీమవరం పక్కన రొయ్యల చెరువు చేసే మనిషికి జీతం స్లిప్పు ఉండదు. అంబాజీపేట మార్కెట్‌కి కాయ తోలే కొబ్బరి రైతుకీ ఉండదు. మనోవర్తి కేసులో ఆ మనిషే "నాకేం ఆదాయం లేదండి, ఉన్నవన్నీ అప్పులే" అంటే ఏం చేయాలి? ఈ వీడియోలో ముఖ్యంగా చెప్పేది అదే.

ముందు దారులు చూద్దాం. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కేసు నడిచినన్నాళ్లూ ఖర్చులకి. 25వ సెక్షన్ శాశ్వత భరణానికి; విడాకుల తీర్పు రోజునే అడగక్కర్లేదు, తర్వాతైనా అడగొచ్చు. ఈ రెండూ భర్త కూడా అడగొచ్చు. మూడోది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద వేసే మనోవర్తి కేసు, అందరూ 'వన్ ట్వంటీ ఫైవ్' అనేది. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. దీనికి మతంతో పని లేదు. విడాకులైన భార్య మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకూ అడగొచ్చు. భర్త హైదరాబాద్‌లో ఉన్నా, పుట్టింటికొచ్చిన ఆమె తను ఉంటున్న అమలాపురంలోనే వేసుకోవచ్చు.

పెద్దల్లో పెట్టి, స్టాంపు కాగితం మీద "ఇక ఏమీ అడగను" అని సంతకం పెట్టించుకోవడం మన దగ్గర ఇంకా జరుగుతోంది. ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువైతే తప్ప ఆ కాగితంతో విడాకులు అయినట్టు కాదు. మనోవర్తి హక్కూ దానితో పోదు. దయచేసి ఆ కాగితం చూసి ఆగిపోకండి. ఎందుకంటే మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క కట్టాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు రజనీష్–నేహా కేసులో చెప్పింది. రాజీ కుదురుతుందని ఎనిమిది నెలలు చూస్తే ఆ ఎనిమిది నెలల డబ్బు పోయినట్టే.

అదే తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు రాసి ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. అసలు పని ఇక్కడే ఉంది.

[తెర మీద: అడంగల్‌లో సాగుదారు పేరున్న గడి దగ్గరగా]

ఈ గడి చూడండి. 1బీలో పొలం ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. అడంగల్‌లో ఏ పంట వేశారు, ఎవరు సాగు చేస్తున్నారు అనేది ఉంటుంది. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో సర్వే నంబరు కొడితే రెండూ వస్తాయి. మామగారు సొంతంగా కొన్న పొలం భర్త ఆస్తి కాదు, దాన్ని అడిగి లాభం లేదు. కానీ ఆ పొలంలో సార్వా, దాళ్వా రెండు పంటలూ చేసేది భర్తే అయితే ఆ రాబడి అతని ఆదాయమే. పిత్రార్జితమైతే అతని వాటా చూపించాలి. చెరువుకి కౌలు కాగితం, మేత కొట్టు బిల్లులు, కరెంటు సర్వీసు ఎవరి పేరునుందో ఆ బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయాలి. అవి అవతలి వాళ్ల చేతిలో ఉంటే తెప్పించమని కోర్టుకి దరఖాస్తు పెట్టాలి. "లక్షలు సంపాదిస్తాడు" అని ఊరికే రాస్తే మాత్రం పిటిషన్ పలచనైపోతుంది.

ఎంత ఇస్తారు? కట్టుదిట్టమైన శాతం లేదు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు చేతికొచ్చే జీతంలో 25 శాతం సబబన్నది; నలభై వేలైతే పదివేలు. అది కొలమానమే, శాసనం కాదు. ఆమెకి చిన్న ఉద్యోగం ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదు, తగ్గొచ్చు. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద రాసిన ఎకరం, పెట్టిన బంగారం ఆమెవే. వాటిని భరణంలో కలిపేయనివ్వొద్దు.

నెలనెలా ఇస్తాడన్న నమ్మకం లేకపోతే 25వ సెక్షన్ కిందే భర్త స్థిరాస్తి మీద ఛార్జి, అంటే మనోవర్తి బాకీకి ఆ ఆస్తి హామీగా ఉండేలా ఉత్తర్వు, అడగండి. తీర్పులో సర్వే నంబరు, హద్దులు రాయించి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయిస్తే ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే పత్రం) తీసినవాళ్లకి కనబడుతుంది. తోట చాటుగా అమ్మేయడం కష్టమవుతుంది.

డబ్బు ఆగిందా, 144 కింద వచ్చిన ఉత్తర్వైతే బాకీ పడిన ఏడాదిలోపే వసూలు పిటిషన్ వేయాలి. పదిహేను నెలలు ఊరుకుంటే మొదటి మూడు నెలలకి వారెంటు రాదు. జైలుకెళ్లొచ్చినా బాకీ తీరినట్టు కాదు, కట్టాల్సిందే.

లాయరు ఫీజుకి వెనకాడుతుంటే, మహిళలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరుని ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని కోర్టులో మండల న్యాయ సేవాధికార కమిటీలో దరఖాస్తు ఇవ్వండి. వెళ్లేటప్పుడు ఆధార్, పెళ్లి ఫోటో లేదా శుభలేఖ, ఆ 1బీ, అడంగల్ నకళ్లు పట్టుకెళ్లండి.