విరిగిన ముక్కలు ఎక్కడికి పోయాయి?

(చేపల వేట నిషేధం ముగిసే ముందు కాకినాడలో జరిగిన బోటు మెకానిక్కులు, సరంగులు, ఐటీఐ డీజిల్ మెకానిక్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఈ ఎండలో వచ్చి కూర్చున్న సరంగులకు, మేస్త్రీలకు, వెనక వరసల్లో నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం. అధ్యక్షుల వారు నా పరిచయంలో చెప్పిన విశేషాల్లో కొన్ని నాకే కొత్త. శాలువాలు, మెమెంటోలు చివర్లో ఉన్నాయట. అప్పటికి మీలో చాలామంది భోజనాల దగ్గర ఉంటారు కాబట్టి కృతజ్ఞతలు ఇప్పుడే చెప్పేస్తున్నాను.

నాకు ఇచ్చిన అంశం 'రెండు ఇంజిన్ల పాత బోట్లలో విడిభాగాల వైఫల్యం: కారణాలు, నివారణ'. కాగితాల మీద చాలా రాసుకొచ్చాను. పొగ రంగులు, నాజిళ్లు, గేర్‌బాక్సులు, జింకు కడ్డీలు, అన్నీ ఉన్నాయి. అవన్నీ చదవను. మీకు తెలిసినవే. నల్లపొగ అంటే గాలి చాలడం లేదు, లేదా పంకా, అంటే ప్రొపెల్లర్, బరువు ఎక్కువైంది. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ అయితే అది కాలని డీజిలా, ఆవిరా అన్నది వాసన చూసి చెప్పాలి. ఇది ఐటీఐ మొదటి ఏడాది పాఠం. నేను మాట్లాడాలనుకున్నది ఒక్క ప్రశ్న గురించి. ఒక భాగం విరిగింది, తీసి కొత్తది వేశారు. సరే. విరిగిన ముక్కలు ఎక్కడికి పోయాయి?

ఈ ప్రశ్న అడిగితే మన జెట్టీల మీద నన్ను చాదస్తపు ముసలాయన అంటారు. అననివ్వండి.

విద్యార్థుల కోసం కాస్త వివరంగా చెబుతాను, మేస్త్రీలు ఓపిక పట్టాలి. బోటు ఇంజిను లోపల తిరిగే మంచినీళ్లు వేరు, ఆ మంచినీళ్లను చల్లబరచడానికి బయటి నుంచి తోడే ఉప్పునీళ్లు వేరు. ఉప్పునీటిని తోడేది పంపులో ఉండే ఇంపెల్లర్, అంటే రెక్కలున్న రబ్బరు చక్రం. రెక్కలు పంపు గోడకు ఒరుసుకుని వంగుతూ, లేస్తూ నీటిని ముందుకు నెడతాయి. ఆ నీళ్లే రబ్బరుకు కందెన. ఉప్పునీళ్లు లోపలికి వచ్చే అడుగు వాల్వు తెరవడం మరిచిపోయి ఇంజిను వేసినా, జాలీకి ప్లాస్టిక్ సంచి అడ్డం పడినా, రబ్బరు ఎండుగా రాసుకుని కాసేపట్లోనే మాడి తెగుతుంది. తెగిన రెక్క ఆవిరైపోదు కదా! నీళ్లు ఎటు పోతే అదీ అటే పోతుంది. చాలా ఇంజిన్లలో ఆ దారిలో ముందు గేర్‌బాక్సు ఆయిల్ కూలరు, తరవాత ఇంజిను నీళ్ల కూలరు, ఆ తరవాత పొగగొట్టంలో నీళ్లు కలిసే వంపు ఉంటాయి. కూలర్ల లోపల సన్నని గొట్టాలు కట్టలుగా ఉంటాయి. రెక్క ముక్క వెళ్లి వాటి ముఖాన కూర్చుంటుంది.

ఇప్పుడు ఒక లాంచి సంగతి చెబుతాను. యాంకరేజి పోర్టులో లంగరేసిన ఓడల దగ్గరికి మనుషులను చేరవేసే పాత లాంచి. యజమాని పేరు, షెడ్డు పేరు చెప్పను. రెండు డీజిల్ ఇంజిన్లు, ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి. కుడి ఇంజినుతో ఏ పేచీ లేదు. ఎడమది నెమ్మదిగా నడిపినంతసేపూ బుద్ధిగా ఉండేది. హోప్ ఐలాండ్ దాటి, వేగం పెంచారో లేదో, వేడి చూపే సూది ఎర్రగీత మీదికి వెళ్లేది. షెడ్డువాళ్లు ఇంపెల్లర్ మార్చారు. తగ్గలేదు. థర్మోస్టాట్ మార్చారు. తగ్గలేదు. పంపు మొత్తం మార్చారు, గేజి మార్చారు. తగ్గలేదు. హెడ్డు గ్యాస్కెట్ పోయిందన్నారు, హెడ్డు విప్పి ఫేసింగ్ చేయించారు, కొత్త గ్యాస్కెట్ వేశారు. బోటు నీటిలోకి దిగింది, హోప్ ఐలాండ్ దాటింది, సూది మళ్లీ ఎర్రగీత మీదికి! చివరికి ఇంజిను అయిపోయింది, కొత్తది కొనుక్కోండి అని తేల్చారు. యజమాని పాత ఇంజినును తుక్కుకు బేరం కూడా పెట్టాడు.

నన్ను పిలిచింది యజమాని కాదు. ఆ లాంచి సరంగు. పెద్దగా చదువుకున్నవాడు కాదు. ఆయన అడిగిన మాట ఇది: "అయ్యా, రెండూ ఒకే సముద్రంలో తిరుగుతున్నాయి, ఒకే డీజిల్ తాగుతున్నాయి, రెంటినీ నేనే నడుపుతున్నాను. కుడిదానికి రాని రోగం దీనికే ఎందుకొచ్చింది?"

విద్యార్థులారా, ఈ మాట రాసుకోండి. రెండు ఇంజిన్ల బోటుకున్న అసలు సౌకర్యం ఇదే. ఒకటి చెడితే రెండోదానితో ఇంటికి రావచ్చన్నది అందరూ చెప్పేదే. నేను చెప్పేది వేరు. రోగి పక్కనే, అదే వయసు, అదే తిండి, అదే పని ఉన్న ఆరోగ్యవంతుణ్ణి నిలబెట్టి పోల్చి చూసుకునే అవకాశం ఏ లారీ మెకానిక్కు దొరుకుతుంది? ఆ అవకాశాన్ని వదిలేసి మనం స్పేర్ల దుకాణానికి పరిగెత్తుతున్నాం.

మేం చేసింది పెద్ద విద్య కాదు. రెండు ఇంజిన్లనూ ఒకే వేగంలో పెట్టి, పొగగొట్టాల కింద బకెట్లు పట్టాం. కుడి బకెట్ నిండేసరికి ఎడమ బకెట్ సగం దగ్గర ఉంది. కొత్త పంపు, కొత్త ఇంపెల్లర్, అయినా నీళ్లు రావడం లేదు. అంటే దారిలో అడ్డు ఉంది. సముద్రం నుంచి పంపు దాకా ఉన్న దారి చూశాం, జాలీ శుభ్రం, గొట్టం గట్టిగా ఉంది. ఇక పంపు తరవాతి దారి. మొదట వచ్చేది గేర్‌బాక్సు ఆయిల్ కూలరు. అంత ఖర్చుపెట్టి అన్నీ విప్పిన షెడ్డులో ఎవరూ విప్పనిది అదొక్కటే. వేడెక్కుతున్నది ఇంజిను కదా, గేర్‌బాక్సు కూలరుతో పనేమిటి అనుకున్నారు. మూత తీస్తే లోపల నల్లటి రబ్బరు రెక్కలు, గొట్టాల ముఖానికి అతుక్కుని, కొన్నిటి మీద గుల్లలు కూడా పట్టి ఉన్నాయి. కొత్త ఇంపెల్లర్‌వి కావు, వెనకటి ఏడాది విరిగినవి. నెమ్మదిగా నడిపేటప్పుడు పుట్టే వేడి తక్కువ కాబట్టి ఆ సన్నని ధార సరిపోయేది. వేగం పెంచితే చాలేది కాదు. అంతే రహస్యం.

పాత బిల్లు తెప్పించి చూశాను. 'ఇంపెల్లర్ మార్పు: 1' అని ఉంది. రెక్కలు ఎన్ని తెగాయి, ఎన్ని దొరికాయి అన్న మాట లేదు. ఆ రోజు తెగిన రెక్కలు లెక్కపెట్టి, అన్నీ దొరికేదాకా వెతికి ఉంటే హెడ్డు ఫేసింగ్ ఉండేది కాదు, తుక్కు బేరం ఉండేది కాదు. పోయిన డబ్బు యజమానిది, నాది కాదు. కానీ ఒక మంచి ఇంజినును చెడ్డదని నిందించి తూకానికి అమ్మబోయారే, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఇంకొంచెం ఓపిక పట్టాలి.

ఒక ఇంజినే చెడితే రెండోదాన్ని అడగమన్నాను. మరి రెండూ ఒకేసారి ఆగితే? అప్పుడు లెక్క తిరగబడుతుంది. రెండు ఇంజిన్లలో ఒకే భాగం ఒకే నిమిషంలో విరగడం జరిగే పని కాదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటో వెతకాలి. ట్యాంకు, డీజిల్, ట్యాంకు గాలి గొట్టం, బ్యాటరీ, భూమి తీగ. ముఖ్యంగా డీజిల్. వేట నిషేధం వల్ల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కట్టేసి ఉంటాయి. సగం ఖాళీ ట్యాంకులో తేమ చేరి, నీరు అడుగుకు దిగుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. ఒడ్డున ఇంజిను వేస్తే చక్కగా పలుకుతుంది. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. సరిగ్గా ఏరు సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు, కెరటం బోటును ఊపి కుదిపేటప్పుడు, రెండూ ఆగుతాయి. మొగలోనే ఎందుకు ఆగాలి అని అడిగితే రకరకాల సమాధానాలు చెబుతారు. అసలు సంగతి ఇంతే: ఊపుకు ట్యాంకు అడుగు మడ్డి లేస్తుంది, ఫిల్టర్లు మూసుకుపోతాయి. కొత్త ఫిల్టర్లు వేసినా నిలవవు. అందుకే చెబుతున్నాను, ట్యాంకు అడుగు మర తిప్పి, గాజు సీసాలోకి పట్టి చూడండి. రెండు ట్యాంకులుంటే వాటి మధ్య వాల్వు సముద్రంలో మూసి ఉంచండి. చెడ్డ డీజిల్ ఒక ఇంజినుతోనే ఆగిపోవాలి.

ఉమ్మడి కారణం డీజిల్ ఒక్కటే కాదు. మెకానిక్ కూడా ఉమ్మడి కారణమే! కోపం తెచ్చుకోకండి. 1983 మే 5న అమెరికాలో మయామీ నుంచి బహామాస్‌లోని నసావుకు బయల్దేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానంలో 172 మంది ఉన్నారు. మూడు ఇంజిన్ల పెద్ద విమానం. మూడింటిలోనూ ఆయిల్ కారిపోయింది. ముందు ఒకదాన్ని వాళ్లే ఆపారు, తరవాత మిగతా రెండూ ఆగిపోయాయి. ఆపిన ఇంజినునే మళ్లీ రగిలించి, దానితోనే మయామీలో దిగారు. అందరూ బతికారు. కారణం ఏమిటో తెలుసా? ఆయిల్‌లో ఇనుప రజను పట్టుకునే బిరడాలు ఉంటాయి. వాటిని మార్చినప్పుడు రబ్బరు రింగులు వేయలేదు. ఒక ఇంజినుకు కాదు, మూడింటికీ! అంతపెద్ద విమానాన్ని దించేయబోయింది మన షెడ్డులో నేల మీద దొర్లే రకం రబ్బరు రింగు. నేటి విమానాల్లో ఒకే పనిని రెండు ఇంజిన్లకూ ఒకే మనిషి ఒకేసారి చేయకుండా జాగ్రత్త పడతారు. మన బోట్లకూ అదే పాటించండి. ఎడమ పంపు ఇవాళ విప్పితే, నడిపి చూశాకే కుడి పంపు ముట్టుకోండి.

మరో మాట, తొందరగా చెబుతాను. ఇంజిను అందుకోకపోతే సెల్ఫు మోటారు మళ్లీ మళ్లీ తిప్పుతారు. మోటారు తిరిగినప్పుడల్లా నీళ్ల పంపూ తిరుగుతుంది, కానీ ఆ నీటిని బయటికి తోసే పొగ ఉండదు. నీళ్లు పొగగొట్టంలో నిండి, వెనక్కి సిలిండరులోకి వస్తాయి. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి పదే పదే తిప్పాల్సి వస్తే అడుగు వాల్వు మూయండి. ఇంజిను అందుకోగానే తెరవండి, లేకపోతే నేను ఇందాక చెప్పిన ఇంపెల్లర్ కథ మొదలవుతుంది. ఇక ఒక ఇంజినుతో ఇంటికి వచ్చేటప్పుడు, ఆగిన పక్క పంకా నీటి ఒరవడికి తిరుగుతూనే ఉంటుంది. కొన్ని గేర్‌బాక్సులు దానికి తట్టుకుంటాయి, కొన్ని లోపల ఆయిల్ అందక చెడిపోతాయి. మీ గేర్‌బాక్సు ఏ రకమో దాని పుస్తకంలో చూసుకోండి. రెండో రకమైతే షాఫ్టు తిరగకుండా కట్టాలి.

రెండు ఇంజిన్ల మధ్య భాగాలు మార్చి చూడటం మంచి పరీక్షే, కానీ ఒకసారికి ఒక్కటే మార్చాలి. ముందు ఖర్చులేనివి. ఉష్ణోగ్రత సూది తప్పు చూపిస్తోందని అనుమానమా? రెండు గేజిల తీగలు తారుమారు చేయండి. వేడి తీగ వెంట రెండో గేజికి వెళితే గేజి మంచిదే. పాత గేజిలోనే వేడి కనిపిస్తే ఇంజినుకు ఏ రోగమూ లేదు. అయిదు నిమిషాల పని. ఒక జాగ్రత్త: కొన్ని పాత పెట్రోలు జంట ఇంజిన్లలో ఒకటి ఎదురు దిశలో తిరుగుతుంది. చూడటానికి ఒకేలా ఉన్న సెల్ఫు మోటార్లు అక్కడ ఒకదానికొకటి పనికిరావు.

చీటీ వచ్చింది. ముగించమని. నేను ముగించే ముందు సంఘం వారిని ఒకటి అడగాలి, అసలు ఈ సభకు ఒప్పుకున్నదే దీనికోసం. సంఘం తరఫున షెడ్డులన్నిటికీ మరమ్మతు వివరాలు రాసే జాబ్ కార్డు ఒకే నమూనాలో అచ్చు వేయిస్తున్నారని విన్నాను. నమూనా చూశాను. బోటు నంబరు ఉంది, యజమాని పేరు ఉంది, మార్చిన భాగం ఉంది, ధర ఉంది, సంతకం ఉంది. ఇంకొక్క గడి చేర్చండి. 'విరిగిన భాగం ముక్కలన్నీ దొరికాయా? అవును, కాదు.' కాదు అని రాసిన కార్డు మీద బోటు యజమాని సంతకం కూడా పెట్టించండి, తెలిసి బయల్దేరుతున్నాడని. పాత భాగాన్ని సంచిలో కట్టి, కార్డుతోపాటు యజమానికి ఇవ్వండి. రెక్కలు లెక్కపెట్టడానికి ఐటీఐ పట్టా అక్కర్లేదు. వెనక కూర్చున్న మేస్త్రి గారు తల అడ్డంగా ఊపుతున్నారు, కార్డు పెద్దదైపోతుందని కాబోలు. ధర గడి కాస్త చిన్నది చేస్తే చోటు సరిపోతుంది, నేను కొలిచి చూశాను. జూన్ 14 అర్ధరాత్రికి బోట్లు కదులుతాయి. ఈలోపే అచ్చు కావాలి. ప్రూఫు నాకు పంపండి, ఆ రాత్రికే దిద్ది ఇస్తాను.