చేప పడలేదా, ఐసు చాలలేదా?

శ్రోతలకు నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కానాగంతల పులుసు తిన్నారనుకోండి. అరగంట తిరక్కుండానే ఒకరికి మొహం, మెడ ఎర్రగా కందిపోతాయి. ఒకరికి తలపోటు, గుండెదడ. పిల్లవాడి వీపంతా దద్దుర్లు. ముద్ద పెట్టుకోగానే నాలుక మిరియం కొరికినట్టు చురుక్కుమందని ఇంకొకరంటారు. వేడి చేసిందనో, మనకు చేప పడదనో తేల్చేస్తాం. అసలు కారణం హిస్టమిన్ అనే రసాయనం.

అలర్జీలో మన ఒంట్లోని కణాలే హిస్టమిన్‌ను వదులుతాయి. ఇక్కడ అది చేపతోనే వచ్చింది. కానాగంత, సూర లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చచ్చాక మొప్పల్లో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. మచిలీపట్నం నుంచి బెజవాడకో, నిజాంపట్నం నుంచి గుంటూరుకో వచ్చే దారిలో ఐసు కరిగిపోతే, మన మే నెల ఎండలో కొన్ని గంటలు చాలు. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వేపినా పోదు, పులుసులో మరిగించినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. చేప వాసన రాకపోవచ్చు కూడా. అందుకే, తిన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ముందు చేపను అనుమానించండి. ఆ ఒక్కపూటతో జన్మంతా చేప మానేయడం అన్యాయం. ఒక్కరికే, తిన్న ప్రతిసారీ వస్తుంటే మాత్రం అలర్జీ డాక్టరుకు చూపించాలి.

మిగిలిన కూర పారేయండి. దురదకు పెద్దవాళ్లు సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి వేసుకోవచ్చు. మత్తుగా ఉంటుంది, బండి నడపకండి. పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు చెప్తేనే ఇవ్వాలి. ఊపిరి ఆడకపోయినా, గొంతు, నాలుక వాచినా, కళ్లు తిరిగినా బిళ్ల పని చేస్తుందని కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావలసింది తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్.

ఇక బజారులో. కూరగాయలన్నీ అయ్యాక చివర చేప కొనండి. ఐసు కింద ఉన్నదే అడగండి, ఐసు పక్కన పెట్టింది కాదు. మొప్పలు, పేగులు అక్కడే తీయించండి. ఎండాకాలంలో కిలో చేపకు కిలో ఐసు వేయించుకుని, ఇంటికి రాగానే 4 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పూ కారం పట్టించి నానబెట్టేది కూడా గట్టు మీద కాదు, ఫ్రిజ్‌లోనే.