జార్జ్ టౌన్ హెరిటేజ్ వాక్: గైడ్‌కి డబ్బులిచ్చి నడవాలా?

అందరికీ నమస్కారం అండీ. మలేషియా ట్రిప్ అనగానే చాలామంది అడిగే ప్రశ్నతోనే మొదలుపెడదాం. పెనాంగ్‌లో జార్జ్ టౌన్ చిన్న ఊరే కదా, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని మనమే తిరిగేయొచ్చు కదా, గైడెడ్ వాక్‌కి డబ్బులెందుకు తగలేయడం?

తిరిగేయొచ్చు. 2008లో మలేషియాలోనే ఉన్న ఇంకో పాత ఊరు మెలాకాతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది కదా, అందులో ఇక్కడి అసలు భాగం దాదాపు 270 ఎకరాలే. పొద్దున బయల్దేరితే భోజనం వేళకి ఒక చుట్టు అయిపోతుంది. కాకపోతే చుట్టు మాత్రమే అవుతుంది. అక్కడి గోడలు, పైకప్పులు ఎందుకలా ఉన్నాయో ఎవరో ఒకరు ఆపి చూపించాల్సిందే.

ఇక్కడ రెండు రకాల వాక్‌లు దొరుకుతాయి. నేను రెండూ చేశాను. మొదటిది ఫొటోల వాక్. ఎర్నెస్ట్ జకరేవిచ్ అనే లిథువేనియా ఆర్టిస్ట్ 2012లో ఆర్మీనియన్ స్ట్రీట్ గోడ మీద వేసిన బొమ్మ ఒకటుంది, సైకిల్ మీద ఇద్దరు పిల్లలు. సైకిల్ నిజంది, పిల్లలు పెయింటింగ్. బాగుంటుంది, కాదనను. కానీ ఆ టూర్‌లో సగం టైమ్ క్యూల్లోనే పోయింది. మా గైడ్ మా ఫోన్లు తీసుకుని క్లిక్ క్లిక్ అని కొట్టడం, తర్వాతి గోడ దగ్గరికి తోలుకుపోవడం. ఆ బొమ్మ ఉన్న గోడ వయసెంతో కూడా చెప్పలేదు. దీనికి నేనైతే డబ్బులు పెట్టను. మ్యాప్ చాలు.

రెండోది ఆర్కిటెక్చర్ వాక్. మూడు గంటల్లో చాలా తక్కువ దూరం నడిచాం, దాదాపు అంతా ఒక్క షాప్‌హౌస్ చుట్టూనే. షాప్‌హౌస్ అంటే కింద కొట్టు, పైన కాపురం. వీధి వైపు చూస్తే ఇంత సన్నగా ఉందేంటి అనిపిస్తుంది. లోపలికి వెళ్తే వెళ్తూనే ఉంటాం, అంత పొడవు. మధ్యలో పైకప్పు లేకుండా వదిలిన చోటుంటుంది. మన కోనసీమ మండువా లోగిలి చూసినవాళ్లకి వెంటనే అర్థమైపోతుంది. వెలుతురు, గాలి అక్కడి నుంచే వస్తాయి, వాన కూడా అక్కడే పడి రాతి పలకల మీదుగా కాలువలోకి పోతుంది. అటూ ఇటూ గోడలు పక్కింటితో కలిసిపోయి ఉంటాయి కాబట్టి కిటికీ పెట్టే దారే లేదు మరి.

ఇంటి ముందు కప్పున్న నడవా ఉంటుంది, ఫైవ్ ఫుట్ వే అంటారు, మలయ్‌లో కాకి లిమా. 1822లో బ్రిటిష్ అధికారి రాఫిల్స్ సింగపూర్‌కి వేయించిన ప్లాన్‌లో, ప్రతి కొట్టు ముందూ జనం నడవడానికి ఇలా వదలాలని రూల్ పెట్టారు. ఆ పద్ధతి ఇక్కడికీ వచ్చింది. ఎండ, వాన తగలకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాలన్నది ఆలోచన. ఇప్పుడు బైకులు, గ్యాస్ బండలు, టేబుళ్లు అడ్డం ఉంటాయి, మీరు రోడ్డు మీదకి దిగి ఎక్కాల్సిందే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఒక గోడ అడుగు భాగం. గైడ్ ఆవిడ మమ్మల్ని అక్కడ ఆపి, మోకాలి ఎత్తు వరకు పెచ్చులూడిన గోడని చేత్తో తడిమి చూడమన్నారు. చల్లగా, చెమ్మగా ఉంది. పాత గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. నేలలోంచి పైకెక్కే తేమ సున్నం గారలోంచి బయటికి ఆరిపోతూ ఉంటుంది. ఎవరో నీట్‌గా ఉంటుందని పైన సిమెంట్ పూసి ప్లాస్టిక్ పెయింట్ వేశారు. తేమకి దారి లేక లోపలే ఉండిపోయి, ఉప్పు తేలి, పెచ్చులు రాలుతున్నాయి. పక్కిల్లు మళ్లీ సున్నంతోనే రిపేర్ చేశారు, రంగు కాస్త వెలిసినట్టున్నా గోడ పొడిగా ఉంది. మన ఊళ్లలో డంగు సున్నం మేడలకి ఇప్పుడు ఏం పూస్తున్నారో గుర్తు తెచ్చుకోండి. నేను ఆ టూర్‌కి ఇచ్చిన డబ్బు ఈ ఐదు నిమిషాలతోనే గిట్టుబాటైపోయింది.

ఖూ కాంగ్సీ అని చైనీయుల ఒక వంశం వాళ్ల భవనం ఉంది. 1901లో కాలిపోయి, 1906కి మళ్లీ కట్టారు. కప్పు మీద డ్రాగన్లు, పువ్వులు చూడండి. రంగు పింగాణీ గిన్నెల్ని పటకారుతో ముక్కలు చేసి, ఒక్కో రేకూ సున్నంలో గుచ్చారు. కింద నుంచి ఫోన్‌లో జూమ్ చేస్తేనే తెలుస్తుంది. దీనికి టికెట్ వేరే, బుక్ చేసేటప్పుడే అడగండి.

గుళ్లు, మసీదుల భాగం గబగబా అయిపోయింది. కపితాన్ కెలింగ్ మసీదు 1801, మహామారియమ్మన్ గుడి 1833, ఇంకా చైనీయుల దేవత క్వాన్ యిన్ గుడి, అన్నీ పక్కపక్కనే. సెయింట్ జార్జ్ చర్చి 1818 నాటిది. తెల్లటి స్తంభాలు చూసి అందరూ వావ్ అంటారు. కట్టిన చేతులు మాత్రం మన దేశం నుంచి ఓడల్లో తీసుకొచ్చిన ఖైదీలవి. ఇక్కడ ఇంకో పది నిమిషాలు ఆగి ఉంటే బాగుండేది, నా కంప్లయింట్ అదొక్కటే.

గైడ్ మంచివాళ్లా కాదా అని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చెప్తాను: ఇక్కడ ఉండే జనం ఏమయ్యారు అని అడగండి. పాత ఇళ్ల అద్దెలు పెంచకుండా ఆపిన చట్టాన్ని 1997లో రద్దు చేశారు, 2000 నుంచి అద్దెలు ఒక్కసారిగా పెరిగాయి. తరతరాలుగా ఉన్న కుటుంబాలు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. ఖాళీ ఇళ్లలో కొందరు స్పీకర్లు పెట్టి కూతల రికార్డింగ్ వినిపిస్తూ స్విఫ్ట్‌లెట్ పక్షుల్ని పెంచారు, వాటి గూళ్లని చైనీయులు సూప్ చేసుకుంటారు, మంచి ధర. తర్వాత వారసత్వ ప్రాంతంలో ఆ వ్యాపారం ఆపించారు. ఇప్పుడు అవే ఇళ్లు కెఫేలు, హోటళ్లు. ఈ సంగతి చెప్పకుండా రంగు తలుపులు మాత్రమే చూపించే టూర్ నాకు సగమే అనిపిస్తుంది.

బుక్ చేసే ముందు గ్రూప్‌లో ఎంతమందో కనుక్కోండి. పదిమంది దాటితే నడవాలో వెనకున్నవాళ్లకి ఏమీ వినిపించదు. పొద్దున స్లాటే తీసుకోండి, పదకొండు తర్వాత ఉక్క భరించలేం. గొడుగు పెట్టుకోండి. గుళ్లలోకి వెళ్తారు కాబట్టి చెప్పులు సులభంగా విప్పేవి వేసుకోండి, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చ్యూ జెట్టీలో నీళ్ల మీద గుంజల మీద కట్టిన ఇళ్లుంటాయి, వాటిలో కాపురాలున్నాయి, గుమ్మంలోంచి లోపలికి కెమెరా పెట్టకండి.

మీరు పెద్దవాళ్లతో వెళ్తుంటే మూడు గంటల వాక్ కష్టం, రెండు గంటలది అడిగి తీసుకోండి. ఇంకేమైనా డౌట్లుంటే కామెంట్‌లో పెట్టండి, చెప్తాను. ఉంటాను మరి.