మూడున్నర చుట్లు

శ్రోతలకు నమస్కారం.

మహిళల ఫిగర్ స్కేటింగ్ గురించి మాట్లాడమన్నారు. ముందే ఒక మాట ఒప్పుకుంటాను. నేను జన్మలో స్కేట్లు కట్టుకోలేదు. నన్ను ఐస్ మీద నిలబెడితే రెండో అడుగుకే కింద ఉంటాను. చూడటం మాత్రం మానలేదు. చూడాల్సిన ఆట గురించి రేడియోలో చెప్పడమేమిటి అంటారేమో. ఈ ఆటను వినొచ్చు కూడా. ఎలాగో చివర్లో చెబుతాను.

ఇప్పుడు మావో అసాదా కథ.

2014 ఫిబ్రవరి 19, రష్యాలోని సోచి, ఒలింపిక్స్. ఈ పోటీ రెండు రోజుల ఆట. మొదటి రోజు షార్ట్ ప్రోగ్రామ్, రెండో రోజు ఫ్రీ స్కేట్. రెండు రోజుల మార్కులూ కూడితే ఫలితం. షార్ట్‌లో ముప్పై మంది. అందరికంటే ఆఖరున జపాన్ అమ్మాయి మావో ఐస్ మీదికి వచ్చింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. అంతకుముందు 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచింది. సోచిలో బంగారం గెలుస్తుందని జపాన్ మొత్తం ఎదురుచూస్తోంది.

మొదటి జంప్ ట్రిపుల్ ఆక్సెల్. పడిపోయింది. తర్వాతి జంప్‌లో చుట్టు పూర్తి కాలేదు. ఆ తర్వాత జంట జంప్, అంటే వెంటవెంటనే రెండు జంప్‌లు, చేయాల్సిన చోట అది కుదరనే లేదు. మార్కులు 55.51. స్థానం పదహారు. మొదటి స్థానంలో ఉన్న కొరియా అమ్మాయి కిమ్ యునాకు 74.92. పందొమ్మిది మార్కుల పైచిలుకు తేడా. పతకం ఆశ ఆ రాత్రే పోయింది.

అసలు ట్రిపుల్ ఆక్సెల్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మిగతా జంప్‌లన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవి. ఆక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగురుతారు. దిగేది మాత్రం అన్నిట్లోనూ వెనక్కే. అందుకని దీంట్లో అర చుట్టు ఎక్కువ పడుతుంది. మూడు కాదు, మూడున్నర. గాల్లో ఉండేది సెకను కూడా కాదు. ఆ సెకనులోపు మూడున్నర చుట్లు తిరిగి, ఒంటికాలి మీద, సన్నటి బ్లేడు అంచు మీద దిగాలి. ఆడవాళ్లలో దీన్ని పోటీలో మొదట చేసింది మిదోరి ఇతో, 1988లో. ఆమెదీ మావోదీ ఒకే ఊరు, నగోయా. ఇద్దరికీ చిన్నప్పుడు నేర్పిన కోచ్ కూడా ఒకరే.

ఇక లెక్క. ఇప్పటి పట్టిక ప్రకారం ట్రిపుల్ ఆక్సెల్ విలువ 8 మార్కులు. రెండున్నర చుట్ల డబుల్ ఆక్సెల్‌కు 3.3. జంప్ ఎంత బాగుందో చూసి జడ్జీలు ప్లస్ ఐదు నుంచి మైనస్ ఐదు దాకా వేస్తారు. ఒక్కో అంకె అంటే జంప్ విలువలో పదో వంతు. తొమ్మిది మంది వేసినవాటిలో అన్నిటికంటే ఎక్కువది, తక్కువది తీసేసి మిగతావాటి సగటు కడతారు. ట్రిపుల్ ఆక్సెల్ చుట్లు పూర్తయ్యాక కింద పడ్డారనుకోండి. మైనస్ ఐదు పడితే 4 మార్కులు పోతాయి. పడినందుకు ఇంకో మార్కు. చేతికి మిగిలేది 3. అంటే శుభ్రంగా చేసిన డబుల్ ఆక్సెల్ కంటే 0.3 తక్కువ, అంతే. కాగితం మీద చూస్తే, పడినా పెద్దగా పోయేదేమీ లేదు. నాకీ పట్టిక ఇష్టం. ధైర్యం చేసినవాళ్లను మరీ చితక్కొట్టదు. కానీ పట్టికకు తెలియనిది ఒకటుంది. పడి లేచిన మనిషి గుండె దడతో, తడిసిన బట్టలతో మిగతా జంప్‌లు చేయాలి. షార్ట్‌లో మావోను దెబ్బతీసింది ఆ ఒక్క పడటం కాదు, దాని వెనక వచ్చిన తడబాటు.

మళ్లీ సోచికి వద్దాం. ఫిబ్రవరి 20, ఫ్రీ స్కేట్. పతకం ఎలాగూ రాదు. అంతకుముందు ఇదే ఒలింపిక్స్‌లో జరిగిన టీమ్ పోటీలో అదే జంప్‌లో పడింది, నిన్న షార్ట్‌లోనూ పడింది. ఈసారికి డబుల్ ఆక్సెల్‌తో సరిపెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. సంగీతం రఖ్మానినోవ్ రెండో పియానో కన్చెర్టో. నీలం దుస్తులు. మొదటి జంప్‌కు వేగం అందుకుంది. ముందుకు తిరిగింది.

ట్రిపుల్. మూడున్నర చుట్లు. నిలబడింది.

ఆ తర్వాత ఒకటొకటిగా మొత్తం ఎనిమిది ట్రిపుల్ జంప్‌లు. కొన్నింటికి సాంకేతిక బృందం కోత పెట్టింది నిజమే. స్లో మోషన్‌లో చూసి, పావు చుట్టు తగ్గినా పట్టుకుంటారు వాళ్లు. అయినా 142.71. అంతకు ముందెప్పుడూ ఆమెకు అన్ని మార్కులు రాలేదు. ఆ రోజు ఫ్రీ స్కేట్ ఒక్కటే చూస్తే ఆమెది మూడో స్థానం. రెండు రోజులూ కలిపి పదహారు నుంచి ఆరుకు వచ్చింది. సంగీతం ఆగగానే తల పైకెత్తింది, ముఖం నలిగిపోయింది, ఏడ్చేసింది. ఆ ఏడుపులోంచే ఒక నవ్వు తెచ్చుకుని వంగి నమస్కరించింది. యునా, మావో ఇరవై రోజుల తేడాతో పుట్టినవాళ్లు. చిన్నప్పటి నుంచీ ప్రత్యర్థులు. మావో కంటతడి చూసి తనకూ గొంతు పట్టేసిందని యునా తర్వాత చెప్పింది.

క్రీడాస్ఫూర్తి అనగానే ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు చెయ్యివ్వడం గుర్తొస్తుంది. అదీ ఉండాలి, కాదనను. నాకు మాత్రం మొదట గుర్తొచ్చేది ఆ మొదటి జంప్. ఎదుటివాళ్ల ముందు మర్యాదగా ఉండటం ఒక ఎత్తు. ఏళ్ల తరబడి తను సాధన చేసిన జంప్‌తో మర్యాదగా ఉండటం ఇంకో ఎత్తు.

దీనికి ఎదురు ఉదాహరణగా సూర్య బొనాలీని చూపిస్తుంటారు. 1994లో జపాన్‌లోని చిబాలో ప్రపంచ పోటీలు. ఐదుగురు జడ్జీలు జపాన్ అమ్మాయి యుకా సాతో వైపు, నలుగురు ఫ్రాన్స్ అమ్మాయి సూర్య వైపు. సూర్య పతకాల మెట్టు ఎక్కనంది. ఎక్కించాక మెడలోని పతకం తీసేసింది. జనం గోల చేశారు. యుకాకు దక్కాల్సిన నిమిషం పాడైంది, అది తప్పే. కానీ ఆ అమ్మాయిని ఆ ఒక్క నిమిషంతోనే కొలవలేను. 1998లో నగానో ఒలింపిక్స్‌లో, గాయంతో, గెలవనని తెలిసి, నిషేధంలో ఉన్న బ్యాక్‌ఫ్లిప్, అంటే వెనక్కి పల్టీ, వేసి ఒంటికాలి మీద దిగింది. మార్కులు పోతాయని తెలిసే చేసింది. 2024లో ఆ నిషేధం ఎత్తేశారు. అన్నట్టు, సోచిలో మావో కోచ్ నొబువో సాతో. ఈ యుకా ఆయన కూతురే.

జంప్‌లు ఇప్పుడు నాలుగు చుట్లకు చేరాయి. వాటిని క్వాడ్‌లు అంటారు. 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌లో రష్యా అమ్మాయి అలెగ్జాండ్రా త్రుసోవా నాలుగు నిమిషాల్లో ఐదు క్వాడ్‌లు చేసింది. ఫ్రీ స్కేట్‌లో అందరికంటే ఎక్కువ, 177.13. అయినా షార్ట్‌లో వెనకబడటంతో వెండి. ఆమె కోపంతో ఏడ్చింది. పదిహేడేళ్ల పిల్ల ఏడిస్తే క్రీడాస్ఫూర్తి లేదనేవాళ్లతో నాకు పేచీ ఉంది. అదే పోటీలో ఒక్క క్వాడూ, ఒక్క ట్రిపుల్ ఆక్సెలూ లేకుండా కావోరి సకమోతో కంచు గెలిచింది. ఆమె జారే వేగం, జంప్‌ల విస్తీర్ణం చూడండి. మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుస్తుంది. ఆ ఏడాదే పెద్దల పోటీకి కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచాలని నిర్ణయించారు. నన్నడిగితే అది ముందే చేయాల్సిన పని.

టైమ్ అయిపోతోంది. వినడం గురించి చెబుతానన్నాను.

ఈసారి టీవీలో పోటీ వస్తే కాసేపు కళ్లు మూసుకోండి. సంగీతం కింద బ్లేడు చప్పుడు వినిపిస్తుంది. మైకులు ఐస్ పక్కనే ఉంటాయి. జంప్ బాగా దిగితే ఒక్క దెబ్బ, దాని వెనకే సర్రున సాగే జారుడు. చుట్టు తగ్గితే బ్లేడు ఐస్ మీద ఇంకా తిరుగుతుంది కాబట్టి గరగరమని గీరుకుంటుంది. రెండో కాలు ఆనితే రెండు దెబ్బలు వినిపిస్తాయి. చుట్లు లెక్కపెట్టడం మనవల్ల కాదు, అంత వేగం. దిగడం మాత్రం చెవికి దొరుకుతుంది.

సోచి రికార్డింగును నేను అలాగే విన్నాను. మొదట పియానో. జారుతున్న చప్పుడు దగ్గరపడింది. తర్వాత ఏమీ లేదు. టక్. ఆ వెనక సర్రున ఒక పొడుగాటి గీత. ఆ తర్వాత జనం.