ఫార్ములాలో చుక్క, ఆ పక్కన నీళ్లు

అందరికీ నమస్కారం.

మైలుతుత్తం ఫార్ములా మీకు తెలిసిందే. కాపర్ సల్ఫేట్, పక్కన ఒక చుక్క, ఆ తర్వాత ఐదు నీటి అణువులు. ఆ చుక్క చూస్తే ఉప్పు వేరు, దానికి అంటుకున్న తడి వేరు అనిపిస్తుంది. అసలు ఆ స్ఫటికంలో తడే లేదు. నీరు కూడా గోడలో ఇటుకలాంటిదే. తీసేస్తే గోడ నిలవదు. వేడిచేస్తే నీలి స్ఫటికం తెల్లటి పొడిగా రాలిపోవడం మీరు ల్యాబ్‌లో చూసే ఉంటారు.

ఆ ఐదు అణువులూ చేసే పని ఒకటి కాదు. నాలుగు అణువులు రాగి అయాన్ చుట్టూ చతురస్రంగా, సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటాయి (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు). పైనా కిందా ఉండేవి సల్ఫేట్ ఆక్సిజన్లు, అవి దాదాపు 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో. ఐదో అణువు మాత్రం రాగి జోలికే పోదు. తన రెండు హైడ్రోజన్లనూ సల్ఫేట్ ఆక్సిజన్లకు అందిస్తుంది. రాగి దగ్గరున్న నీళ్ల హైడ్రోజన్లను తన ఆక్సిజన్‌తో పట్టుకుంటుంది. ఇలా ఒక అణువు హైడ్రోజన్‌కూ పక్కదాని ఆక్సిజన్‌కూ మధ్య ఉండే ఆకర్షణే హైడ్రోజన్ బంధం. అంటే అది హైడ్రోజన్ బంధాల మీదే నిలబడి ఉంది.

ఈ నిర్మాణాన్ని 1934లో బీవర్స్, లిప్సన్ ఎక్స్‌రేలతో తేల్చారు. తమాషా ఏమిటంటే, ఆ ఎక్స్‌రేలకు హైడ్రోజన్ సరిగా కనబడదు. ఎక్స్‌రేలను చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్కటే. ఆక్సిజన్ల మధ్య దూరం 2.7, 2.9 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య ఉంటే అక్కడ హైడ్రోజన్ బంధం ఉండొచ్చని ఊహించడమే. న్యూట్రాన్లు నేరుగా కేంద్రకాన్నే తాకుతాయి కాబట్టి, 1962లో బేకన్, కర్రీ చేసిన న్యూట్రాన్ ప్రయోగంలో హైడ్రోజన్ల చోటు నేరుగా దొరికింది.

ఇక్కడ పాఠ్యపుస్తకాలతో నాకు చిన్న పేచీ ఉంది. వేడిచేస్తే ముందు రెండు, తర్వాత రెండు, 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో చివరిది పోతాయి. ఆ చివరిది హైడ్రోజన్ బంధాలతో ఇరుక్కున్న ఐదోదే అని చాలాచోట్ల రాస్తారు. నేనొప్పుకోను. మూడు నీళ్లు మిగిలిన దశలోనే ఆ మూడూ రాగికి కట్టుబడి ఉంటాయి. ఒక్కటే మిగిలినప్పుడు అది రెండు రాగి అయాన్ల మధ్య వంతెనగా ఉంటుంది. రాగికి దూరంగా ఉన్న నీరు అప్పటికే లేదు. ప్రతి దశలో స్ఫటికం కొత్తగా కట్టుకుంటుంది కాబట్టి "ఏ అణువు పోయింది" అన్న ప్రశ్నకే పెద్దగా అర్థం లేదు.

ఎప్సమ్ సాల్ట్‌లోనూ, అంటే ఏడు నీళ్లున్న మెగ్నీషియం సల్ఫేట్‌లోనూ, ఇలాంటి ఏర్పాటే: మెగ్నీషియం చుట్టూ ఆరు, విడిగా ఏడోది.

జిప్సం కథ వేరు. అందులో కాల్షియం, సల్ఫేట్ కలిసి పొరలుగా ఉంటాయి, పొరల మధ్య నీళ్లు. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య పట్టు ముఖ్యంగా హైడ్రోజన్ బంధాలదే, అది బలహీనమైన పట్టు. అందుకే చాకు మొన పెడితే జిప్సం పలకలుగా విడిపోతుంది. సుమారు 150 డిగ్రీలకు వేడిచేస్తే నాలుగింట మూడొంతుల నీరు పోయి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అవుతుంది. దానికి మళ్లీ నీళ్లు కలిపితే, పొడి నీటిలో కరిగి, నీటిని కలుపుకున్న సూదుల్లాంటి జిప్సం స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటూ పెరుగుతాయి. ముద్ద గట్టిపడేదీ, చేతికి వేడిగా తగిలేదీ అందుకే.