ఇంటి ఫోన్ బిల్లులో తప్పుడు వడ్డింపులు: ఫిర్యాదు నుంచి సర్దుబాటు వరకు

నమస్కారం. ఇంటి ఫోన్ బిల్లులో మీరు వాడని సేవకో, కట్టనవసరం లేని రుసుముకో డబ్బు వేసినప్పుడు దాన్ని ఎవరి దగ్గర, ఏ పద్ధతిలో ప్రశ్నించాలో ఈ వీడియోలో చూపిస్తాను. ల్యాండ్‌లైన్‌కైనా, ఫైబర్‌కైనా, పోస్ట్‌పెయిడ్ మొబైల్‌కైనా దారి దాదాపు ఒకటే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "బిల్లు ఎక్కువ వచ్చింది" అన్నంత మాత్రాన పని జరగదు. ఫలానా నెల బిల్లులో, ఫలానా వరుసలో, ఇన్ని రూపాయలు తప్పు అని చెప్పగలిగినప్పుడే అవతలివారు సూటిగా జవాబు చెప్పవలసి వస్తుంది. కాబట్టి ముందుగా బిల్లును వరుసల వారీగా చదువుదాం.

(తెర మీద నమూనా బిల్లు)

ఇది చూపించడం కోసం నేను తయారు చేసిన బిల్లు. నెల అద్దె 599 రూపాయలు. దాని కింద వ్యాల్యూ యాడెడ్ సర్వీసులు, అంటే కాలర్ ట్యూన్ లాంటి అదనపు సేవలు, అని 99, ఆ కింద ఆలస్య రుసుము అని 100. మొత్తం 798 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 143 రూపాయల 64 పైసలు, వెరసి కట్టవలసింది 941 రూపాయల 64 పైసలు. ఈ ఇంట్లోవారు ఏ అదనపు సేవనూ కోరలేదని, కిందటి బిల్లును గడువుకు రెండు రోజుల ముందే యూపీఐలో కట్టారని అనుకుందాం. అప్పుడు చివరి రెండు వరుసలూ తప్పే. ఇక్కడ చాలామంది 199 రూపాయలు తిరిగి ఇమ్మని అడిగి ఊరుకుంటారు. తప్పుగా వేసిన సొమ్ము మీద వసూలు చేసిన పన్ను కూడా తప్పుడు వసూలే కాబట్టి, 35 రూపాయల 82 పైసలు కలిపి 234 రూపాయల 82 పైసలు అడగాలి. పైసలతో సహా చెప్పడం చాదస్తంగా అనిపించవచ్చు గానీ, లెక్క తేల్చి ఇచ్చిన ఫిర్యాదును "పరిశీలిస్తాం" అనే ఒక్క మాటతో దాటవేయడం కష్టం.

అదనపు సేవ విషయంలో మీ చేతిలో ఒక బలమైన ఆయుధం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జూలైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, మొబైల్‌లో ఇలాంటి సేవను మొదలుపెట్టే ముందు కంపెనీ వినియోగదారు నుంచి రెండుసార్లు అంగీకారం తీసుకోవాలి. అందువల్ల "నేను అడగలేదు" అని మీరు రుజువు చేసుకుంటూ కూర్చోనవసరం లేదు. "నా రెండో అంగీకారం ఏ తేదీన, ఏ సమయంలో, ఏ విధంగా వచ్చిందో చూపించండి" అని అడగండి. సేవను ఆపించడానికి 155223 అనే ఉచిత నంబరు ఉంది. ఆపించడం వేరు, డబ్బు వెనక్కి రావడం వేరు. మొదటిది చేసి రెండోది మరిచిపోవద్దు.

బిల్లులో ఉన్నవాటినే కాదు, ఉండవలసి ఉండి లేనివాటిని కూడా చూడాలి. తుపానుకో, రోడ్డు తవ్వకానికో ల్యాండ్‌లైన్ తెగి రోజుల తరబడి మూగబోయినా, ఆ నెల అద్దె మాత్రం పూర్తిగా వచ్చేస్తుంది. ట్రాయ్ 2009లో నిర్దేశించిన, 2024లో కొత్తవి వచ్చేవరకు అమలులో ఉన్న సేవా నాణ్యతా ప్రమాణాల ప్రకారం, ఫిర్యాదు చేశాక మరమ్మతుకు మూడు రోజులు దాటి ఏడు రోజుల లోపు పడితే 7 రోజుల అద్దె, ఏడు దాటి పదిహేను లోపు పడితే 15 రోజుల అద్దె, పదిహేను రోజులు దాటితే నెల అద్దె తగ్గించవలసి ఉండేది. లెక్క మొదలయ్యేది లైను చెడిన రోజు నుంచి కాదు, మీరు ఫిర్యాదు నమోదు చేసిన రోజు నుంచి. లైన్‌మన్‌కు నోటిమాటగా చెప్పి ఆగిపోయేవారు ఈ తగ్గింపును పోగొట్టుకునేది ఇక్కడే.

తప్పులా కనిపించి తప్పు కానిదీ ఒకటుంది. కొత్త కనెక్షన్ మొదటి బిల్లులో, నెల మధ్య నుంచి వాడిన రోజుల అద్దెతో పాటు రాబోయే నెల అద్దె కూడా ముందుగా కలిసి రావచ్చు. ప్లాన్ మార్చిన నెలలోనూ ఇంతే. దీని మీద ఫిర్యాదు చేసే ముందు తేదీలు చూసుకోండి.

ఇప్పుడు డబ్బు కట్టాలా వద్దా అన్న ప్రశ్న. మొత్తం బిల్లును ఆపేస్తే కంపెనీ దృష్టిలో మీరు బకాయిదారు అవుతారు, సేవ ఆగుతుంది, మరో ఆలస్య రుసుము పడుతుంది. వివాదం లేని భాగాన్ని, మన నమూనాలో 706 రూపాయల 82 పైసలను, గడువులోగా కట్టి, మిగిలిన మొత్తం మీద వివాదం ఉందని, అది తేలేవరకు సేవను ఆపవద్దని రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. మొత్తం కట్టక తప్పని పరిస్థితి అయితే "అభ్యంతరంతో కడుతున్నాను" అని అదే రోజు ఈమెయిల్ పెట్టండి.

తరువాత ఫిర్యాదు. నంబరును ఇంటర్నెట్‌లో వెతకకండి, దొంగ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. బిల్లు మీద ముద్రించినదే తీసుకోండి, లేదా మీ నెట్‌వర్క్ నుంచే 198కి చేయండి. డబ్బు వెనక్కి వేస్తామంటూ ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. 2012 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, ఇవ్వాలి. ఆ నంబరు లేని సంభాషణ ఎంత మర్యాదగా సాగినా తరువాత దానికి ఆధారం ఉండదు. ఫోన్ చేసిన రోజే ఈమెయిల్ కూడా పంపండి. నేను రాసే పద్ధతి ఇది:

"అయ్యా, నా ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీ బిల్లులో అదనపు సేవ కింద 99 రూపాయలు, ఆలస్య రుసుము కింద 100 రూపాయలు, వాటి మీద జీఎస్టీ 35.82 రూపాయలు తప్పుగా వేశారు. ఆ సేవను నేను కోరలేదు. కిందటి బిల్లును గడువులోగా చెల్లించిన రసీదును జతపరిచాను. డాకెట్ నంబరు ఫలానా. 234.82 రూపాయలను సర్దుబాటు చేసి, రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు."

ఇంతే. కోపం, పాత అనుభవాలు, వేరే కంపెనీకి మారిపోతామన్న హెచ్చరిక ఇందులో అక్కరలేదు. రసీదులో యూపీఐ లావాదేవీ నంబరు, తేదీ కనిపించాలి.

బిల్లు ఫిర్యాదును తేల్చడానికి కంపెనీకి సాధారణంగా నాలుగు వారాలు, మహా అయితే ఆరు వారాల గడువు ఉంటుంది. అప్పటికీ జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా 30 రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్ళాలి. దీనికి రుసుము లేదు, 39 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ప్రతి కంపెనీ అప్పిలేట్ అథారిటీ చిరునామా ట్రాయ్ నడిపే టీసీసీఎంఎస్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. నేరుగా ట్రాయ్‌కే రాస్తే పోదా అని కొందరు అడుగుతారు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు, వాటిని కంపెనీకే పంపుతుంది. అప్పీలు తరువాత కూడా తేలకపోతే టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం 1063, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నాయి.

ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. టెలిగ్రాఫ్ చట్టంలో ప్రత్యేక మధ్యవర్తిత్వం ఉంది కాబట్టి ఫోన్ బిల్లు తగాదాలు వినియోగదారుల ఫోరాలకు రాకూడదని 2009లో సుప్రీంకోర్టు అన్న మాటను చూపి కంపెనీలు చాలాకాలం తప్పించుకున్నాయి. నెలకు సగటున 555 రూపాయలు కట్టే అహ్మదాబాద్ వినియోగదారు ఒకరికి 24,609 రూపాయల బిల్లు వచ్చిన కేసులో, 2022 ఫిబ్రవరి 16న అదే న్యాయస్థానం వినియోగదారుల కమిషన్లకు ఆ అధికారం ఉందని తేల్చింది. ఆ బిల్లు తప్పా ఒప్పా అన్నది ఆ తీర్పు చెప్పలేదు, తలుపు తెరిచి ఉందని మాత్రం చెప్పింది. మీరు నివసించే జిల్లాలోనే, రెండేళ్ళలోపు, న్యాయవాది లేకుండానే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. రెండు వందల రూపాయల కోసం అంత దూరం వెళ్ళాలా అన్నది మీ ఇష్టం. ప్రతి నెలా అదే తప్పు పడుతుంటే మాత్రం నేనైతే వెళ్ళమంటాను.

ఈ మధ్యలో విసుగెత్తి నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేసుకున్నా పాత బకాయి పోదు. పాత కంపెనీ కోరితే ఆ బకాయి కారణంగా కొత్త చోట కూడా సేవ ఆగవచ్చు. వివాదాన్ని తేల్చుకున్న తరువాతే మారండి.

ఫిర్యాదు మీకు అనుకూలంగా తేలితే, ఆ సొమ్ము వారం రోజుల్లో మీ ఖాతాలో జమ కావాలి. తరువాతి బిల్లులో సర్దుబాటు అనే వరుసను వెతికి, అందులో పన్నుతో సహా 234 రూపాయల 82 పైసలు ఉన్నాయో, పన్ను వదిలేసి 199 మాత్రమే వేశారో చూడండి. వివాదంలో ఉన్న మొత్తం మీదే మళ్ళీ ఆలస్య రుసుము వేసి ఉంటే, దానికి పాత డాకెట్ పనికిరాదు. అది కొత్త ఫిర్యాదు, కొత్త నంబరు తీసుకోండి.